అది పైకి, నువ్వు కిందికి

గురునాథరావు నేర్పినది ఎవరూ మరిచిపోరు. ఇప్పుడు ఆయన భయమంతా అదే.

విశాఖపట్నం వన్ టౌన్‌లో ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు మీది మేడలో ఆయన కోచింగ్ సెంటర్. కింద బస్తా దులిపినప్పుడల్లా పైన తరగతి మొత్తం తుమ్ముతుంది. తుమ్ములు ఆగాక పాఠం ఎక్కడ తెగిందో అక్కడే అందుకుంటుంది. కానిస్టేబుళ్ళూ, రైల్వే గ్యాంగ్‌మెన్లూ, సచివాలయం ఉద్యోగులూ, పోర్టు గుమాస్తాలూ, ఉక్కునగరం క్వార్టర్లలో కాపురముంటూ షిఫ్టులకి పోయేవాళ్ళూ, ఆయన దగ్గర జనరల్ నాలెడ్జి బిట్లు బట్టీ పట్టినవాళ్ళు ఈ ఊళ్ళో ఏదో ఒక కౌంటరు వెనక తగులుతూనే ఉంటారు. జుట్టు ఊడి పొట్ట వచ్చినవాణ్ణి ఆపి, ఖోఖోలో బరిలో దిగే జట్టుకి ఎందరయ్యా అని అడిగి చూడండి. తొమ్మిదని నోరు చెప్పేలోగా వాడి మోకాళ్ళు కాస్త వంగుతాయి.

అది ఆయన పద్ధతి. పరీక్ష హాల్లో బుర్ర దగా చేస్తుంది, ఒళ్ళు చెయ్యదు అనేది ఆయన నమ్మకం. అందుకని ప్రతి బిట్టుకీ ఒక భంగిమ కట్టాడు. కబడ్డీ జట్టుకి ఏడుగురు: ఊపిరి బిగబట్టి తొడ చరచాలి. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారత మహిళ కరణం మల్లీశ్వరి: రెండు చేతులతో లేని బరువుని లేపాలి. దేశంలో సముద్రం ఒడ్డున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం మనది: పిడికిలితో గుండె మీద గుద్దుకోవాలి. పద్మనాభ యుద్ధం 1794: కుడి చెయ్యి కత్తిలా ఎత్తాలి. ఆ పద్మనాభమే ఆయన సొంతూరు. విజయనగరం రాజు ఆ నేల మీద ఇంగ్లీషు పటాలానికి ఎదురు నిలిచి చచ్చిపోయిన సంవత్సరం ఊళ్ళో ఆయనకి తప్ప మరొకరికి తెలీదు. తెలిసినా నాట్లకి పనికిరాదు కాబట్టి ఎవరూ అడగలేదు కూడా.

విజ్ఞానం వెలుగు, అజ్ఞానం చీకటి అని కోచింగ్ సెంటర్ల గోడల మీద రాయిస్తారు. గురునాథరావు రాయించలేదు. తను అమ్మేది వెలుగు కాదనీ మార్కనీ ఆయనకి బాగా తెలుసు. కుర్రతనంలో యూనివర్సిటీలో చరిత్ర ఎం.ఏ. చేసి గ్రూప్స్ రాశాడు. లావుపాటి పుస్తకంలో చదివిన నిజం ఒకటి రాశాడు. పరీక్ష పెట్టినవాళ్ళు విడుదల చేసే జవాబుల పట్టీలో, అంటే కీలో, సన్నపుస్తకంలోని మాట ఉంది. ఆ మార్కు దగ్గరే ఉద్యోగం తప్పింది. తర్వాత వయసు దాటిపోయింది. అప్పట్నుంచి ఆయనకి నిజం అంటే కీ. శిష్యులకీ అదే చెబుతాడు: "నీకు తెలిసింది కాదురా, ఆడికి కావలసింది రాయి."

అలా భంగిమ కట్టిన బిట్లలో అమ్మోనియాది ఒకటి. గాలి కన్నా తేలికైన వాయువు ఏది? ఏదో మధ్యాహ్నం, తరగతి కునుకుతూంటే, ఊరికే తోచి కట్టాడు. రెండు చేతులూ ఆకాశానికెత్తి, ఒళ్ళు మాత్రం దభీమని గొంతుక్కూర్చోవాలి. "అమ్మోనియా, అమ్మోనియా, అది పైకి, నువ్వు కిందికి!" కునుకు తీసేవాళ్ళు లేచి కూర్చున్నారు. చేతులు పైకి పోతే వాయువు తేలికని గుర్తు. ఒళ్ళు కిందికి దిగడం లయ కోసం. అంతకు మించి దానికి అర్థమేమీ లేదు.

పద్మనాభంలో ఆయన ఇంటి పక్కిల్లే చెల్లెలు గౌరీశ్వరిది. ఆమె భర్త పోర్టు లారీ మీద తిరుగుతూంటాడు. హార్బరు వెనకాల రొయ్యలు వలిచి, గడ్డకట్టించి, ఓడలకెక్కించే కంపెనీలో ఆమెకి పని. తెల్లవారకుండా కంపెనీ బస్సు జంక్షన్‌లో ఆగి ఊరి ఆడవాళ్ళని ఎక్కించుకుపోతుంది. ఒక ఆదివారం ఆమె అన్నగారి అరుగు మీద కూర్చుని గోంగూర కోస్తూ అంది:

"అన్నియ్యా, నీ పాట మా కంపినీ గోడెక్కింది."

"నా పాటేటే?"

"అదేనయ్యా, అమ్మోనీ పాట. అది పైకి, నువ్వు కిందికి. ఇంతింతేసి అచ్చరాలు, ఎర్ర రంగుతోని. సేతులెత్తి కూకున్న మడిసి బొమ్మ కూడా ఏసేరు. మా సేప్టీ సారు ముజీబు లేడూ, నీ కాడ సదివినోడేనంట. ఈ బిట్టు మీ అన్నయ్యదమ్మా అని అందరి ముందరా సెప్పేడు. అమ్మోనీ వాసనొత్తే మాం అలాగ కూకోవాలంట. నెల నెలా ఆడిత్తన్నాడు."

"కింద నా పేరు రాసేడా?"

"రాయలేదు గాని, అందరికీ తెలుసులే."

పేరు రాయనందుకు ఆ పూట గురునాథరావుకి కాస్త చిన్నతనమనిపించింది. మిగతాదంతా సంతోషమే. వన్ టౌన్ దర్జీ కొడుకు ముజీబ్ ఆయనకి బాగా గుర్తు. ఎన్ని పరీక్షలు రాసినా ఒకటో రెండో మార్కుల్లో తప్పేవాడు. చివరికి ఎక్కడో సేఫ్టీ కోర్సు చేసి ఆ కంపెనీలో కుదిరాడు. బిట్లు పాడమంటే మాత్రం తరగతిలో వాడి గొంతే ముందుండేది.

వానలు పట్టాక ఒక ఉద్యోగ పరీక్ష జరిగి, కీ వచ్చింది. కోచింగ్ మాస్టార్లకి అది వేట కాలం. కీలో తప్పు పట్టి అభ్యంతరం పెట్టడం, అది నెగ్గితే మరుసటి ఏడాది కరపత్రం మీద వేసుకోవడం ఆ వృత్తిలో ఆనవాయితీ. గురునాథరావు అలాంటివి చాలా నెగ్గాడు. ఈసారి ఆయన వేలు ఒక బిట్టు దగ్గర ఆగింది. ప్రతిపాదన: శీతల గిడ్డంగిలో గొట్టం పగిలి బయటపడిన అమ్మోనియా నేల వెంబడి పాకవచ్చు. కారణం: అమ్మోనియా గాలి కన్నా బరువు. కీ ప్రకారం కారణం తప్పు, ప్రతిపాదన ఒప్పు.

"దొరికిపోనారు," అన్నాడు గురునాథరావు తరగతితో. "కారణం తప్పైతే పాకడం ఎక్కడ్నుంచొస్తాదిరా? తేలికది నేల మీద పాకుతాదేటి, ముసలి పామా?"

తరగతి విరగబడి నవ్వింది. అమ్మోనియా అణుభారం పదిహేడనీ, గాలిది సుమారు ఇరవై తొమ్మిదనీ పాఠ్యపుస్తకం పేజీ జతచేసి అభ్యంతరం పంపించాడు. అది వీగిపోయింది. ఊరుకోక లైబ్రరీకి పోయి, ఎన్నో ఏళ్ళ తర్వాత లావుపాటి పుస్తకాలు తెరిచాడు, వాళ్ళ నోరు మూయిద్దామని. పుస్తకాలు వాళ్ళ వైపే మాట్లాడాయి. అమ్మోనియా వాయువు తేలికే, అందులో అనుమానం లేదు. కానీ చల్లబరిచే యంత్రాల్లో అది ఒత్తిడి మీద ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం చిమ్మితే సన్నటి తుంపరగా, ఒళ్ళు కాల్చేసేంత చల్లగా వస్తుంది. తేమ గాలితో కలిసి తెల్లటి మంచులా కమ్మి, బరువెక్కి, నేలబారున పరుచుకుంటుంది. పల్లాల్లోకి దిగుతుంది. మూలల్లో నిలబడుతుంది.

తేమ గాలి అన్న మాట దగ్గర ఆయన ఒకసారి తలెత్తి కిటికీ బయటికి చూశాడు. విశాఖపట్నంలో మరో రకం గాలి ఎప్పుడుంది గనక?

మొదట్లో కలిగింది పండితుడి ముచ్చటే. మంచి బిట్టు, మెలిక ఉన్న బిట్టు, రేపే చెప్పాలి అనుకున్నాడు. ఊరికి పోయే బస్సులో, ఆనందపురం దాటుతూంటే, ఆ గోడ మీది బొమ్మ కళ్ళముందుకొచ్చింది. చేతులెత్తి గొంతుక్కూర్చున్న మనిషి. ఆ మనిషికి చెల్లెలి మొహం ఉంది.

మర్నాడు తరగతి మానేసి కంపెనీకి పోయాడు.

ముజీబ్ గేటు దాకా ఎదురొచ్చాడు. తెల్లటి గమ్ బూట్లు, తల మీద జాలీ టోపీ. "అరె సార్! చెప్తే నేనే బండేసుకుని వచ్చేవాణ్ణి కదా!" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. యార్డులోంచి మెట్లు దిగితే రొయ్యలు వలిచే హాలు. కడిగిన నీళ్ళు కాలవలోకి జారాలని దాన్ని పల్లంలో కట్టారు. ఇనప బల్లల వెంట వరసగా ఆడవాళ్ళు, గ్లవుజుల్లో వేగంగా కదిలే వేళ్ళు. హాలు గోడకి ఆనుకునే యంత్రాల గది, ద్రవం నిలవుండే పెద్ద సిలిండరు ట్యాంకు. ఎదురు గోడ మీద ఎర్ర అక్షరాలు. బొమ్మ ఆయన ఊహించినదానికన్నా పెద్దది.

"ఎలా ఉంది సార్?" అన్నాడు ముజీబ్.

"బొమ్మ బావుందిరా. తీసెయ్యాల."

ముజీబ్ నవ్వాడు. మాస్టారు నవ్వకపోవడం చూసి ఆపాడు. గురునాథరావు అంతా చెప్పాడు, ద్రవం సంగతీ, తుంపర సంగతీ, పల్లం సంగతీ. ముజీబ్ తల ఆడిస్తూ విన్నాడు.

"తెలుసు సార్. లిక్విడ్ వస్తే డౌన్ స్ప్రెడ్ అవుతాదని మా కోర్సులో కూడా ఒక రోజు చెప్పినారు."

"తెలుసా? తెలిసే ఇది రాయించేవా?"

"అది కోర్సులో సార్. బిట్టులో తేలిక కదా. పదిహేడు, ఇరవై తొమ్మిది. మీరే చెప్పినారు." వాడి మొహంలో కపటం లేదు. నిజంగానే అర్థం కాలేదు. "ఫైర్ అయినప్పుడు కూడా కిందికే వంగమంటారు సార్. కోర్సులోది మొత్తం మర్చిపోయినా. మీది మర్చిపోలేదు. అందుకే ఆడోళ్ళకి మీదే నేర్పినా. ఒక్క రోజులో పట్టేసినారు సార్, మాషా అల్లా, ఒక్కళ్ళు తప్పు చెయ్యరు."

ఆ మాట పొగడ్తగా అన్నాడు. గురునాథరావు మేనేజరు గది ఎటని అడిగాడు.

మేనేజరు అర్జునరావు మర్యాద తెలిసిన మనిషి. టీ తెప్పించాడు. చివరిదాకా విన్నాడు.

"మాస్టారూ, మొన్న ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఆ బోర్డు ఫొటో తీసుకుని మరీ వెళ్ళారు. మాతృభాషలో ఇంత చక్కగా ఎవరూ పెట్టలేదన్నారు. ఇప్పుడు పీకేస్తే ఇన్నాళ్ళూ తప్పు నేర్పామని మేమే ఒప్పుకున్నట్టు. అమ్మోనియా తేలికా, బరువా? అది చెప్పండి."

"తేలికే. కానీ..."

"చూశారా. తేలికే అని మీరే అంటన్నారు. ఏడాది చివర ఆడిట్ ఉంది, అప్పుడు చూద్దాం."

ఆ 'కానీ' తర్వాతది వినడానికి ఎవరికీ తీరిక లేదు. న్యాయంగా చూస్తే గురునాథరావు తరగతిలో కూడా ఎన్నడూ 'కానీ'కి తీరిక లేదు. కానీ అన్న కుర్రాణ్ణి కూర్చోబెట్టి, నాలుగు ఆప్షన్లలో కానీ ఎక్కడుందో చూపించమనేవాడు.

ఇంటికొచ్చి గౌరీశ్వరిని కూర్చోబెట్టుకున్నాడు. వాసనొస్తే కూర్చోకూడదని, తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని, మెట్లెక్కి, గాలి వీచే దారికి అడ్డంగా బయటికి పోవాలని చెప్పాడు. ఆమె బుద్ధిగా అప్పజెప్పింది. అన్నీ సరిగ్గానే చెప్పింది. మరో గంటకి ఆమె పెరట్లో బట్టలారేస్తూంటే వెనకనుంచి వచ్చి గట్టిగా అరిచాడు: "అమ్మోనీ!"

తడి చీర నేల మీద పడింది. గౌరీశ్వరి రెండు చేతులూ ఆకాశానికెత్తి గొంతుక్కూర్చుని ఉంది.

"ఓలమ్మో, సచ్చిపోనాను," అని పడీపడీ నవ్వింది. "ఏటన్నియ్యా ఈ యవ్వారం, సిన్నపిల్లోడిలాగ! సీరంతా మట్టయిపోనాది."

"నీకిప్పుడే సెప్పేను కాదేటే, కూకోవద్దని?"

"సెప్పేవు. నాకు గేపకవుంది. ఒల్లు కూకుండిపోతే నానేటి సేసీది?"

ఆయన నవ్వలేదు. ఆ భంగిమ కట్టినవాడికి దాని బలం తెలుసు. ఇన్నేళ్ళలో ఆయన ఎక్కించడం నేర్చుకున్నాడు గాని, దించడం అన్న అవసరం ఎన్నడూ రాలేదు.

తర్వాత కొన్నాళ్ళపాటు తెల్లవారుఝామున కంపెనీ బస్సెక్కి, ఆడవాళ్ళకి కొత్త పాఠం మొదలుపెట్టాడు. వాసన, లేవడం, మెట్లు, బయటికి. దానికీ ఒక భంగిమ కట్టాడు. కుదుపుల్లో ఆడవాళ్ళు సీట్లలోంచి లేచారు. సగం మంది లేచి చేతులెత్తి మళ్ళీ కూర్చున్నారు. మిగతా సగం పక్కవాళ్ళని చూసి ఏం చెయ్యాలో తోచక వంగి నిలబడ్డారు. ఆ వంగి నిలబడ్డవాళ్ళని చూసి ఆయనకి మరింత భయమేసింది. పాతది పోలేదు, కొత్తది రాలేదు, మధ్యలో ఒక తడబాటు పుట్టింది.

బస్సులో పెద్దామె మహాలక్ష్మమ్మ. ఆమె నోటికి డ్రైవరు కూడా భయపడతాడు.

"మేస్టారూ, మొన్న కిందికన్నారు. నేడు పైకంటన్నారు. రేపేటంటారు, పక్కకా? పాట మార్సేటప్పుడు మాకు జీవో పంపించీయండి బాబూ, దండోరా ఏయించుకుంటాం."

బస్సంతా గొల్లుమంది.

"నవ్వులాట కాదమ్మా. కూకుంటే సచ్చిపోతారు."

"పొద్దున్నే ఎంత మంచి మాటన్నావు నాయినా," అంది మహాలక్ష్మమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు, కానీ నమ్మినట్టూ లేదు. ఒకామె చెంగు నోటికడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. అపశకునం మాటలాడే మనిషి పక్కన కూర్చోవడం ఆమెకి ఇష్టం లేదు. వారం తిరక్కుండానే, బయటివాళ్ళు బస్సెక్కకూడదని కంపెనీ నుంచి డ్రైవరుకి మాట వచ్చింది. ఫిర్యాదు చేసినది ఆడవాళ్ళే.

దీపావళి వెళ్ళిన కొత్తలో, ఒక మధ్యాహ్నం, గురునాథరావు తరగతిలో నదుల గురించి చెబుతూంటే కింద మిరపకాయల కొట్టువాడు మెట్ల మీంచి కేకేశాడు. హార్బరు వెనకాల రొయ్యల కంపెనీలో గ్యాసు లీకయిందట. బోర్డు మీద నాగావళి సగంలో ఆగిపోయింది.

ఆటో వన్ టౌన్ సందుల్లోంచి బయటపడి హార్బరు రోడ్డెక్కేసరికి ముక్కు పుటాలు మండాయి. దూరం నుంచే ఆయన చూపు నేల మీదికే పోయింది. గేటు కింద, కాలవ వెంట, గోడ అడుగున తెల్లగా ఏదైనా పాకుతోందా? ఏమీ లేదు. నేల మామూలుగా ఉంది. జనం మాత్రం అందరూ తలెత్తి పైకి చూస్తున్నారు.

లీకయింది డాబా మీద. యంత్రాల గదిలోంచి పైకి పోయే గొట్టానికి అక్కడొక వాల్వు తెగింది. ద్రవం కాదు, ఆవిరి. వేడిగా బుసకొట్టి, లేచి, గాలి వాటున సముద్రం మీదికి పోయింది. రొయ్యల తలల కోసం డాబా మీద చేరే కొంగలు నాలుగైదు రెక్కలు పరుచుకుని చచ్చి పడున్నాయి. రంగులు వేయడానికి పైకెక్కిన మనిషిని గొంతు కాలి ఆసుపత్రికి తీసుకుపోయారు. కింద పల్లంలో, హాల్లో, ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఆ పట్టుకున్న చేతులే పైకెత్తి, వరసలుగా గొంతుక్కూర్చుని పాట పాడుతూ ఉండిపోయారు. ఒక్కరికి దగ్గు కూడా రాలేదు.

ముజీబ్ పరుగెత్తుకొచ్చి ఆయన్ని కౌగిలించుకున్నాడు. ఏడుస్తున్నాడు. "సార్! అది పైకే పోయింది సార్! మీ బిట్టు, మీ బిట్టు కాపాడింది సార్!"

గురునాథరావు వాడి భుజం మీంచి చూశాడు. గౌరీశ్వరి మెట్లెక్కి వస్తోంది, నవ్వుతూ. బతికుంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే, ఆమె వెనకాల ఇంకా చేతులు విడవకుండా పాటలోనే నడిచొస్తున్న వరస మీద చూపు పడింది. ఇంక వీళ్ళకి ఎవడేం చెబితే ఎక్కుతుంది? ఇప్పుడది బిట్టు కాదు, అనుభవం.

కంపెనీ సన్మానం పెట్టింది. శాలువా, దండ, బోర్డు ముందు ఫొటో. బోర్డుకి కూడా దండ వేశారు. ఎర్ర అక్షరాలు మరోసారి రంగేసి దిద్దారు, ఈసారి కింద ఆయన పేరు కూడా రాసి. మైకు చేతికిచ్చినప్పుడు గురునాథరావు కాగితం తెచ్చుకోలేదు.

"ఈ బోర్డు తప్పు," అన్నాడు. "మొన్న మీరు బతికింది బోర్డు వల్ల కాదు. గొట్టం పైన తెగడం వల్ల. ఈ గోడ అవతలున్న ట్యాంకు దగ్గర తెగితే అది పైకి పోదు. మెట్ల మీంచి ఈ హాల్లోకి దిగొస్తాది. మీరు కూకున్నచోటికే వస్తాది. కూకోకండి. నా మాట ఇనకండి. ఇది కట్టినప్పుడు నాకేటీ తెలీదు."

హాలు నిశ్శబ్దంగా విన్నది. ఒక క్షణం ఆయనకి ఆశ కలిగింది. మహాలక్ష్మమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. వెనక వరసలో ఎవరో యంత్రాల గది గోడ వైపు చూశారు.

అర్జునరావు మెల్లిగా మైకు అందుకున్నాడు. "విన్నారా? ఇంతమంది ప్రాణాలు కాపాడి, నాకేమీ తెలీదంటన్నారు. విద్య వినయాన్నిస్తుందంటే ఇదే."

చప్పట్లు హోరెత్తాయి. కనుబొమలు విడిపోయాయి. వినయం అన్న ఆ పాచి గుణాన్ని అంటగట్టాక, ఈ దేశంలో మనిషి ఏ నిజం చెప్పినా అందంగానే వినిపిస్తుంది. స్వీట్లు పంచారు. ముజీబ్ ఆయన్ని పక్కకి తీసుకుపోయి, చిన్నగా, నొచ్చుకున్నట్టు అడిగాడు: "ఒక బిట్టుకి రెండు ఆన్సర్లు ఎలా ఉంటాయి సార్? ఏది టిక్కు పెట్టమంటారు?"

గురునాథరావు పై ఆఫీసులకి అర్జీలు పెట్టాడు. అందింది అని జవాబు వచ్చింది. ఏడాది చివరి ఆడిట్‌లో కంపెనీకి ఆ బోర్డు మీదే మెచ్చుకోలు దక్కింది. హార్బరు పక్కనున్న మరో రెండు కంపెనీలవాళ్ళు వచ్చి బొమ్మ కొలతలు రాసుకుపోయారని ముజీబ్ సంతోషంగా ఫోన్ చేసి చెప్పాడు. ఇక మిగిలింది చెల్లెలొక్కతే.

చలి ముదిరిన ఒక తెల్లవారుఝామున జంక్షన్‌లో ఆమె పక్కన నిలబడ్డాడు. టీ బడ్డీలో పొయ్యి అప్పుడే రాజేస్తున్నారు. ఆడవాళ్ళు ఇంకా ఒకరొకరే వస్తున్నారు.

"మానీయే గౌరీ. ఇంకేదైనా సూసుకుందాం."

"ఇంకేటుంది సూడ్డానికి? నువ్వు సూపిస్తావేటి? పోనీ నీ మిరపకాయల మేడలో బల్లలు తుడమంటావా?" అంది. అన్నగారి మొహం చూసి గొంతు తగ్గించింది. "నీ బాద నాకర్దవవుతాదన్నియ్యా. ఆల్లంతా నవ్వినా నాను నవ్వలేదు. నువ్వు సెప్పింది నిజవేనని నాకు తెలుసు. ఉత్తినే అలాగ సిక్కిపోవు నువ్వు."

"అయితే ఒట్టేయి. వాసనొస్తే కూకోను, లేచి బయటికొచ్చేస్తానను."

"ఒట్టు. కూకోను. ఇంటికాడ నానొక్కద్దాన్నీ రోజూ అబ్యాసం సేత్తన్నాను తెల్సా? మా అత్త సూసి దెయ్యం పట్టిందనుకుంటంది. ఇప్పుడు అమ్మోనీ అను, సూడు."

ఆయన అన్నాడు. ఆమె కూర్చోలేదు. మోకాళ్ళు ఒక్కసారి వణికాయి గాని నిలబడింది. రెండడుగులు ముందుకేసింది. గురునాథరావుకి ఎన్నాళ్ళకో ఊపిరాడింది. ఇన్నాళ్ళ కొలువులో ఆయన దించగలిగింది ఇదొక్కటే.

"సూసేవా?" అంది గౌరీశ్వరి. నవ్వబోయి ఆగింది. "ఒకటడుగుతాను, సెప్పు. మాం కూకునేటప్పుడు పక్కోల సెయ్యి పట్టుకుంటాం కదా. మొన్నట్నుంచి ఇంకా గట్టిగా పట్టుకుంటన్నాం. నా కుడి సెయ్యి మాలచ్చిమి పిన్ని సేతిలో ఉంతాది. ఈ సెయ్యి నా పక్కన రొయ్యలొలిసే పిల్ల సేతిలో ఉంతాది. ఆలు కూకుంటారు. నాను లేత్తాను. ఆలని ఇదిలించుకుని పోమంటావా?"

గురునాథరావు ఆమె రెండు చేతుల వైపూ చూశాడు.

తగరపువలస వైపునుంచి బస్సు లైట్లు తిరిగాయి. ఆడవాళ్ళు క్యారేజీలు అందుకున్నారు. బస్సు పూర్తిగా ఆగకముందే ముందు మెట్టు మీంచి మహాలక్ష్మమ్మ వంగి చెయ్యి చాచింది. "ఏటే, ఇంకా కబుర్లేనా? రాయే, సీటాపేను."

గౌరీశ్వరి అన్నగారి మొహంలోకి ఇంకొక్క క్షణం చూసింది. తర్వాత ఆ చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.